ఉష్ణమండల గృహాల పైకప్పుపై సౌరవిద్యుత్తు: తెలుగునేల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎండ తీవ్రంగా ఉన్నచోట సౌరవిద్యుత్తు కూడా అంతే సమృద్ధిగా లభిస్తుందన్నది లోకంలో బలంగా నాటుకున్న అభిప్రాయం. ఉష్ణమండలంలోని ఒక కుటుంబం తన ఇంటి పైకప్పుపై సౌరఫలకాలు అమర్చుకోవాలనుకున్నప్పుడు ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వేడి, నీడ, గాలి, విద్యుత్ ధరల శ్రేణులు అనే నాలుగు అంశాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పరిస్థితులకు అన్వయించి, ఎంత సామర్థ్యం గల అమరిక ఏ ఇంటికి తగినదో నిర్ణయించుకొనే పద్ధతిని ఇందులో వివరించడం జరిగింది.

కీలకపదాలు: సౌరఫలకాలు, ఉష్ణమండలం, పైకప్పు, నీడ, వాస్తు, నెట్ మీటరింగ్, విద్యుత్ శ్లాబులు.

1. ఉపోద్ఘాతం:
కాంతి పడినప్పుడు కొన్ని పదార్థాలలో విద్యుత్తు పుడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లో గుర్తించాడు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సిలికాన్‌తో తయారైన సౌరఘటం దాదాపు 6 శాతం కాంతిశక్తిని విద్యుత్తుగా మార్చగలిగింది. నేడు విపణిలో లభించే సౌరఫలకాల సామర్థ్యం 20 శాతాన్ని దాటింది. అంతరిక్ష నౌకలకు పరిమితమై ఉన్న ఈ సాంకేతికత సామాన్యుడి డాబా మీదికి చేరడానికి ధరలు తగ్గడం ఒక కారణం, ప్రభుత్వ ప్రోత్సాహం మరొక కారణం.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన 'పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన' కోటి ఇళ్ళను లక్ష్యంగా పెట్టుకొంది. ఈ పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వ్యయం రూ. 75,021 కోట్లు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు రూ. 30,000 చొప్పున, మూడవ కిలోవాటుకు రూ. 18,000 రాయితీ లభిస్తుంది. ఒక ఇంటికి గరిష్ఠ రాయితీ రూ. 78,000. రాయితీ కోరే ఇళ్ళు దేశీయంగా తయారైన ఫలకాలనే వాడాలి.

రాయితీ పోగా మిగిలిన సొమ్ము మధ్యతరగతి కుటుంబానికి చిన్న మొత్తమేమీ కాదు. ఒకసారి బిగించిన అమరిక పాతికేళ్ళపాటు ఇంటి మీద ఉంటుంది. కాబట్టి సామర్థ్యం, స్థలం, దిశ అనే మూడు నిర్ణయాలలో జరిగే పొరపాటు ఫలితాన్ని ఆ కుటుంబం పాతికేళ్ళు అనుభవించవలసి వస్తుంది.

2. వెలుతురు - వేడి:
సౌరఫలకానికి కావలసింది వెలుతురు. వేడి దానికి ప్రతికూలం. ఈ భేదాన్ని గ్రహించడమే ఈ విషయంలో మొదటి మెట్టు. ఫలకంపై ముద్రించిన సామర్థ్యం ప్రయోగశాలలో నిర్ణయించినది. చదరపు మీటరుకు 1,000 వాట్ల కాంతి పడుతున్నప్పుడు, ఘటం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు వచ్చే విద్యుత్తు అది. ఉష్ణోగ్రత ఆపైన ఒక్కొక్క డిగ్రీ పెరిగేకొద్దీ స్ఫటిక సిలికాన్ ఫలకాల ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది.

మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్నప్పుడు, ఎండలో ఉన్న ఫలకం ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరడం సాధారణం. అంటే ప్రమాణం కంటే 40 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 0.35 శాతం చొప్పున లెక్కిస్తే 14 శాతం ఉత్పత్తి పోతుంది. 1,000 వాట్ల ఫలకాలు ఆ వేళ 860 వాట్లే ఇస్తాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్నది తెలుగువారి సామెత. ఆ ఎండ సౌరఫలకానికి కూడా మేలు చేయదు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఇంకా వేడెక్కని ఫిబ్రవరి, మార్చి నెలలే ఫలకాల పనితీరుకు అనువైనవి. జూలై, ఆగస్టు నెలలలో మబ్బుల వల్ల ఉత్పత్తి పడిపోతుంది.

వేడిని తగ్గించే ఉపాయం సులభమైనదే. ఫలకాలను కప్పుకు ఆనించి పరచకుండా, కింద గాలి ఆడేటట్లు ఎత్తులో నిలపాలి. దీనివల్ల ఫలకం చల్లబడడమే కాక, కాంక్రీటు శ్లాబుపై నీడ పడి కింది గదుల వేడి కూడా తగ్గుతుంది. ఏడడుగుల ఎత్తున పందిరిలాగా నిర్మిస్తే ఆ కింది స్థలం వడియాలు ఆరబెట్టుకోవడానికి పనికిరాకపోయినా, బట్టలు ఆరవేసుకోవడానికి, సాయంకాలం కూర్చోవడానికి అక్కరకు వస్తుంది.

అన్ని ఋతువులనూ కలిపి సగటు చూస్తే, మన ప్రాంతంలో ఒక కిలోవాటు అమరిక రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. దానికి దాదాపు 10 చదరపు మీటర్ల నీడలేని స్థలం అవసరం.

3. దిశ - నీడ - వాస్తు:
తెలుగు రాష్ట్రాలు సుమారు 12.6 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. కర్కటరేఖకు దక్షిణంగా ఉండడం వల్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో ఇది మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను జరుగుతుంది. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు స్వల్పంగా ఉత్తరాన ఉంటాడు. తక్కిన కాలమంతా దక్షిణాననే ఉంటాడు. కనుక దక్షిణాభిముఖంగా, అక్షాంశానికి దగ్గరగా సుమారు 15 డిగ్రీల వాలుతో ఫలకాలను నిలపడం ఉత్తమం. వాలు ఉంటే వానకు దుమ్ము కూడా జారిపోతుంది.

ఇక్కడ తెలుగువారి గృహనిర్మాణ సంప్రదాయం ఒక సమస్యను తెచ్చిపెడుతుంది. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి. అందుచేత నీళ్ళట్యాంకును నైరుతి మూలన కట్టడం ఆనవాయితీ. ఖాళీగా మిగిలేది ఈశాన్య భాగం. ఫలకాలు అమర్చేవారు సహజంగా ఆ ఖాళీస్థలాన్నే ఎంచుకొంటారు.

దీని పర్యవసానాన్ని లెక్కగట్టి చూడవచ్చు. డిసెంబరు 22 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు సుమారు 49 డిగ్రీలు. ఫలకాల కంటే 6 అడుగుల ఎత్తున్న ట్యాంకు నీడ అప్పుడు ఉత్తరంవైపు 5 అడుగులకు పైగా పడుతుంది. మధ్యాహ్నం మూడుంబావుకు సూర్యుడి ఎత్తు 30 డిగ్రీలకు దిగుతుంది, దిశ దాదాపు సరిగ్గా నైరుతి అవుతుంది. అప్పుడు అదే ట్యాంకు నీడ ఈశాన్యంవైపు 10 అడుగులకు పైగా సాగుతుంది. అంటే వాస్తు ఖాళీగా ఉంచిన దిక్కుకే శీతాకాలపు సాయంకాలపు నీడ నేరుగా వెళుతుంది.

నీడ కప్పిన మేరకే నష్టం జరుగుతుందనుకోవడం కూడా సరికాదు. ఫలకాలను ఒకదాని వెంట ఒకటిగా తీగతో కలుపుతారు. ఒక ఫలకంపై నీడ పడితే ఆ వరుస మొత్తంలో ప్రవాహానికి ఆటంకం కలుగుతుంది. బైపాస్ డయోడ్లు ఈ నష్టాన్ని కొంత తగ్గిస్తాయి గాని పూర్తిగా తొలగించవు. దీనికి పరిష్కారం వాస్తును కాదనడం కాదు. ఫలకాలను ట్యాంకు నీడ పొడవుకు ఆవల నిలపడం, లేదా ట్యాంకు ఎత్తుకు సమానంగా పందిరి వేయడం, అదీ కుదరకపోతే ఒక్కొక్క ఫలకానికి విడివిడిగా మైక్రో ఇన్వర్టర్ అమర్చడం. డిసెంబరులో ఒక రోజు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు డాబాపై నీడల అంచులను సుద్దముక్కతో గీసుకొంటే ఏ పరికరమూ లేకుండానే అనువైన స్థలం తెలుస్తుంది.

4. గాలి - ఉప్పు - దుమ్ము:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణాన్ని తాకింది. తీరప్రాంతపు ఇంటిపై ఫలకాలు నిలిపేవారు ఇటువంటి గాలిని దృష్టిలో ఉంచుకోవాలి. భవనాలపై గాలి ఒత్తిడిని నిర్దేశించే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం ప్రాథమిక వాయువేగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్లు. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి విశాఖలోని చట్రం హైదరాబాదు చట్రం కంటే సుమారు 29 శాతం అధిక బలాన్ని తట్టుకోవాలి. వాలుగా నిలిపిన ఫలకాన్ని గాలి కింది నుంచి పైకెత్తుతుంది. కనుక చట్రాన్ని శ్లాబుకు సరైన బోల్టులతో బిగించడం, రంధ్రాలలోకి వాననీరు దిగకుండా పూడ్చడం రెండూ ముఖ్యమే. ఉప్పుగాలి తగిలేచోట జింకుపూత గట్టిగా ఉన్న ఉక్కును వాడాలి.

దుమ్ము సంగతికి వస్తే, వేసవిలో రెండు వారాలకొకసారి ఫలకాలను కడగడం మంచిది. తెల్లవారుజామున, ఫలకం చల్లగా ఉన్నప్పుడే ఆ పని చేయాలి. మండే గాజుపై చన్నీళ్ళు పోస్తే గాజు దెబ్బతినవచ్చు. బోరునీటిలో లవణాలు ఎక్కువైతే తెల్లని మరకలు మిగులుతాయి కాబట్టి కడిగిన వెంటనే తుడవాలి.

5. విద్యుత్ బిల్లు - తగిన సామర్థ్యం:
నెట్ మీటరింగ్ పద్ధతిలో పగలు మిగిలిన విద్యుత్తు గ్రిడ్‌కు వెళుతుంది; రాత్రి అవసరమైనది గ్రిడ్ నుంచి వస్తుంది. ఈ రెండింటి తేడాకే బిల్లు వస్తుంది. మన విద్యుత్ ధరలు శ్లాబుల రూపంలో ఉన్నందున సౌరవిద్యుత్తు మొదట తగ్గించేది అత్యంత ఖరీదైన యూనిట్లనే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరానికి నిర్ణయించిన గృహవినియోగ ధరలను ఉదాహరణగా తీసుకొందాం. మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటికి స్థిరఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు కలపకుండా రూ. 2,111 అవుతుంది. 2 కిలోవాట్ల అమరిక 240 యూనిట్లు ఇస్తే మిగిలిన 110 యూనిట్లకు అయ్యేది రూ. 350. అంటే నెలకు రూ. 1,761 ఆదా. ఒక్కొక్క సౌరయూనిట్ విలువ రూ. 7.34.

అదే ఇంటికి మూడవ కిలోవాటు చేర్చితే అదనంగా మిగిలేది ఆ రూ. 350 మాత్రమే. ఆ కిలోవాటు యూనిట్ విలువ రూ. 3.18కి పడిపోతుంది. రాయితీకి ఆధారమైన ప్రామాణిక వ్యయం మొదటి 2 కిలోవాట్లకు లక్ష రూపాయలు, మూడవదానికి రూ. 45,000. రాయితీ పోగా కుటుంబం పెట్టేది వరుసగా రూ. 40,000, రూ. 27,000. ఆ ధరకే పని పూర్తయితే మొదటి పెట్టుబడి రెండేళ్ళలోపు తిరిగివస్తుంది. మూడవ కిలోవాటు పెట్టుబడికి ఆరేళ్ళకు పైగా పడుతుంది. ఏ.సి. లేదా విద్యుత్ వాహనం కొనే ఆలోచన ఉన్నవారికి మూడవ కిలోవాటు సమంజసమే. లేనివారు రాయితీ వస్తున్నదన్న ఒక్క కారణంతో పెద్ద అమరికకు వెళ్ళనవసరం లేదు.

ఈ లెక్కకు మరొక పార్శ్వం ఉంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. బిల్లే రాని ఇంటికి సౌరఫలకాలు మిగిల్చేది ఏమీ ఉండదు. ఒక ప్రోత్సాహం మరొక ప్రోత్సాహాన్ని అడ్డుకొనే ఈ స్థితి విధానకర్తలు ఆలోచించవలసిన విషయం.

6. కరెంటు పోయినప్పుడు:
సౌరఫలకాలుంటే కరెంటు కోత ఉండదని చాలామంది భావిస్తారు. గ్రిడ్‌తో మాత్రమే అనుసంధానమై, బ్యాటరీ లేని అమరిక కరెంటు పోయిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు. సరఫరా ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి వెళ్ళే విద్యుత్తు ప్రాణాంతకం కాకుండా చేసిన ఏర్పాటు. కోతల వేళ కూడా వెలుగు కావాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ అవసరం. ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. ఈ విషయాన్ని ఒప్పందానికి ముందే తెలుసుకోవాలి.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. ఉష్ణమండలంలో వెలుతురు వరమైతే వేడి దానికి కోత. ఫలకాల కింద గాలి ఆడేటట్లు నిర్మించడం వల్ల ఆ కోతను తగ్గించవచ్చు.

2. నైరుతిలో ట్యాంకు, ఈశాన్యంలో ఖాళీ అనే నిర్మాణ పద్ధతిలో శీతాకాలపు నీడ ఖాళీస్థలం మీదనే పడుతుంది. డిసెంబరు నీడను చూసిన తరువాతే స్థలనిర్ణయం చేయాలి.

3. తీరప్రాంతానికి, మెట్టప్రాంతానికి ఒకే చట్రం సరిపోదు.

4. తగిన సామర్థ్యాన్ని నిర్ణయించవలసింది డాబా వైశాల్యమో, రాయితీ పరిమితో కాదు. ఇంటివారి పన్నెండు నెలల కరెంటు బిల్లులు.

సౌరశక్తి ఉచితమే అయినా దానిని ఇంటికి తెచ్చుకొనే మార్గం ఉచితం కాదు. తన కప్పును, తన బిల్లును చదువుకొని ముందడుగు వేసిన కుటుంబానికే ఆ మార్గం లాభదాయకమవుతుంది.