వాంతులు ఆపడమూ వైద్యమే

నాట్ల కాలంలో మా ముఠాకు ముందు నడిచే మనిషి ఆమె. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరు ముదిరిపోయిందని, ఇక కోసేదీ లేదు, కరెంటు పెట్టేదీ లేదని ఇంటికి పంపేశారు. పోయినేడు నేను చూడబోయేసరికి మంచం పక్కన బొచ్చె, దాని నిండా పసరు వాంతి. "నొప్పి ఓర్చుకుంటానన్నా, ఈ డోకులే ఓర్వలేకున్నా" అంది. పెనిమిటి రోజూ ఆరెంపీ చేత సెలైను ఎక్కిస్తున్నాడు. ఉన్న రెండు మేకలూ అమ్ముడుపోయాయి. వాంతులు మాత్రం ఆగలేదు.

"జబ్బే పోయేది కాదు, వాంతులెలా పోతాయి?" అని ఊరంతా అనుకుంటోంది. ఇది తప్పు. జబ్బు నయం కాకున్నా బాధ తగ్గించే వైద్యం ఉంది. దాన్నే ఉపశమన వైద్యం అంటారు. వాంతి ఎందుకు వస్తోందన్నదే అక్కడ అడిగే మొదటి ప్రశ్న.

ఆమెను ఆటోలో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడుతోంది. మార్ఫిన్ మొదలెట్టిన కొత్తలో కొందరికి వికారం ఉంటుంది, చాలామందికి వారంలోగా తగ్గుతుంది. మలబద్ధకం అలా తగ్గదు, మందు వాడినన్నాళ్ళూ ఉంటుంది. అందుకే విరేచనాల మందు కూడా రోజూ వేసుకోవాలి. అది అయిపోతే వీళ్ళు మళ్ళీ కొనలేదు. ఆరు రోజులుగా విరేచనం లేదు. పేగు మూసుకుపోలేదని డాక్టరమ్మ నిర్ధారించుకుని ఎనిమా ఇప్పించి, మెటోక్లోప్రమైడ్ రాసింది. నాలుగో రోజుకు గంజి దిగింది.

అందరికీ కారణం ఇదే కాదు. ఈ క్యాన్సరు మూత్రనాళాలను నొక్కేస్తే మూత్రపిండాలు పనిచేయక, రక్తంలో మలినాలు పేరుకుని వాంతులవుతాయి. దానికి హలోపెరిడాల్ కొద్ది మోతాదులో ఇస్తారు. అండాశయ క్యాన్సరులో పేగు మూసుకుపోవచ్చు. పూర్తిగా మూసుకుపోతే మెటోక్లోప్రమైడ్ మెలిపెట్టే నొప్పిని పెంచుతుంది. అప్పుడు వేరే మందులు చర్మం కింద సూదితో ఇస్తారు. కీమో వాంతులకు ఆండాన్‌సెట్రాన్ బాగా పనిచేస్తుంది గానీ, అదీ మలబద్ధకం తెస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ళ మాత్ర తెచ్చి వేయకండి. డాక్టరు రాసిన మాత్రను వాంతి వచ్చాక కాదు, చెప్పిన వేళకు వేయండి.

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. గంజి, పల్చని మజ్జిగ గుక్కెడు గుక్కెడుగా తాగించండి. కంచం నిండా పెట్టి తినమని బలవంతం చేయొద్దు. తాలింపు వాసన మంచం దాకా రానీయకండి. తల, వీపు ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టండి. వాంతయ్యాక నోరు పుక్కిలింపించి, బొచ్చె వెంటనే తీసేయండి.

కడుపు ఉబ్బి గాలి కూడా పోకపోయినా, వాంతిలో నెత్తురు పడినా, మూత్రం ఆగినా, మనిషి మత్తులోకి జారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఈ మాత్రలు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి నిబంధనలు సడలించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది, తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లోనూ ఇలాంటి కేంద్రాలు పెట్టారు. కానీ కూలి మనిషికి జిల్లా కేంద్రం పోవడమంటే ఇద్దరి కూలి పోగొట్టుకోవడం, ఆటో కిరాయి అప్పు తేవడం.

ఆమె సంక్రాంతి వెళ్ళాక చనిపోయింది. అంతకుముందు రెండు నెలలు మాత్రం మనవరాలు కలిపిపెట్టిన ముద్ద తింది, మా కూలి రేట్ల గొడవలు అడిగి తెలుసుకుంది. ఆ రెండు నెలలు ఆమెకు ఎవరి దయవల్లా రాలేదు, కారణం వెతికి మందు ఇవ్వడం వల్ల వచ్చాయి. ఈ మందులు, ఇంటికొచ్చి చూసే నర్సు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలని గ్రామసభలో అడుగుదాం. కూలి రేటు అడిగినట్టే దీన్నీ హక్కుగా అడుగుదాం.