విదేశీ సేవకు వెళ్లేముందు ఒంటి సంగతి

ఉట్నూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వారి తమ్ముడు క్రైస్తవ శిక్షణ శిబిరంలో చేరాడు. శిబిరం ముగియగానే ఆఫ్రికాలో సేవకు పంపుతారట. "చలిజ్వరం మనకి కొత్తా అక్కా, దోమల మధ్యే పెరిగాం, నాకేం కాదు అంటున్నాడు. నిజమేనా డాక్టరుగారూ?" అని అడిగారు.

నిజం కాదమ్మా. ఏజెన్సీలో పుట్టి పెరిగినవారికి మలేరియాను కొంత తట్టుకునే శక్తి వచ్చే మాట వాస్తవమే. కాని అది పూర్తి రక్షణ కాదు. కొన్నాళ్లు పట్నంలో ఉంటే అదీ తగ్గిపోతుంది. ఆఫ్రికాలో ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం మలేరియా. మెదడుకు సోకితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మనవాళ్లు సంచిలో వేసుకువెళ్లే క్లోరోక్విన్ బిళ్లలకు అక్కడ అది లొంగదు. జ్వరం రాకుండా వాడే మందులు వేరే ఉన్నాయి. ఉదాహరణకు డాక్సీసైక్లిన్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రాంతం విడిచాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. ఇంటికి చేరాం కదా అని మధ్యలో మానేసేవారే ఎక్కువ. ఎవరికి ఏ మందు సరిపడుతుందో డాక్టరే చెప్పాలి.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే. అయినా దోమతెర కట్టుకోవడానికి మనకు బద్ధకం!

ఆదిలాబాదు వైపు వారికి ఇంకో మాట. గోండు తదితర గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే రక్తదోషం కనిపిస్తుంది. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది. ఆ జబ్బు ఉన్నవారు దూర ప్రయాణాలకు ముందు డాక్టరుతో తప్పక మాట్లాడాలి. జి-6-పి-డి పరీక్ష కూడా చేయించండి. ఆ లోపం ఉన్నవారికి ప్రైమాక్విన్ ఇస్తే రక్తకణాలు చితికిపోతాయి.

1903లో జాన్ రంగయ్యగారు నేటాల్‌లోని తెలుగు కూలీల మధ్య సేవకు వెళ్లింది ఓడలో. ఇప్పుడు విమానం ఎక్కాలంటే చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కాగితం కావాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఆ టీకా వేస్తారు. వేసిన పది రోజులకు గాని కాగితం చెల్లదు, 2016 నుంచి మాత్రం ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై దాటినవారు ముందే చెప్పాలి. టైఫాయిడ్, ధనుర్వాతం టీకాల సంగతీ అప్పుడే అడగండి.

ఇక శిబిరం. పదిమందితో ఒకే హాలులో పడక, ఒకే కుండలో నీళ్లు. అక్కడే అలవాట్లు కుదుర్చుకోవాలి. కాచిన నీళ్లు తాగడం, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవడం, కొత్త చెప్పులు అక్కడే తొడిగి నాలుగు మైళ్లు నడిచి చూడడం. విరేచనాలైతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాకు తల కొట్టి కలిపి తాగించడం ప్రతివారికీ రావాలి. పుచ్చుపన్ను ఉంటే ఇక్కడే పీకించుకోండి. కళ్లద్దాలు రెండో జత చేయించుకోండి.

తిరిగి వచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా డాక్టరుతో మొదట చెప్పవలసిన మాట "నేను ఆఫ్రికా వెళ్లి వచ్చాను" అని. అది చెప్పకపోతే ఫ్లూ అనుకుని బిళ్లలిచ్చి పంపేస్తారు.

ప్రయాణం ఎప్పుడో మీరు రాయలేదమ్మా. నెలన్నర వ్యవధి ఉంటే అన్నీ కుదురుతాయి. అంతకన్నా తక్కువైతే ఈ వారమే బస్సెక్కించండి.