పురికి ఎదురు పురి

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పటికీ చూడదగ్గ యుద్ధనౌక హెచ్ఎమ్ఎస్ విక్టరీ. 1765లో జలప్రవేశం చేసింది. దాని స్తంభాలకూ తెరచాపలకూ కట్టే తాళ్లన్నీ కలిపితే దాదాపు 42 కిలోమీటర్ల పొడవని లెక్క. ఈ ఓడకు 72వ వంతు కొలతలో కొయ్య నమూనాలు చేసేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అందులో వాళ్లను అన్నిటికన్నా ఎక్కువ సతాయించేది ఫిరంగులో శిల్పాలో కాదు, తాళ్లే. ఎంత ఓపిగ్గా పలకలు అమర్చినా, స్తంభాలు చెక్కినా, చివర్లో కుట్టుమిషను దారం కట్టారంటే ఓడ కాస్తా బొమ్మయిపోతుంది. దారం మీద నూగు లేస్తుంది. మెలికలు కంటికి ఆనవు. పైగా సన్నతాడుకూ లంగరు మోకుకూ మధ్య అసలు ఓడలో కనిపించే తేడా ఏదీ నిలవదు. అందుకే పట్టింపు ఉన్న నమూనాకారులు బల్ల మీద అమరే చిన్న తాడు యంత్రాన్ని బిగించుకుని, తమ తాళ్లు తామే పేనుకుంటారు. బజారులో దొరికే విడిభాగాల పెట్టె తెచ్చుకున్నా, ఇంట్లోనే ప్లైవుడ్ కోసుకున్నా, మొదటిసారి తిప్పి చూసేసరికి మంచి తాడు రాదు. ఎందుకు రాదో తెలియాలంటే తాడు ఎలా నిలబడుతుందో తెలియాలి.

మూడు దారాలు కలిపి మెలితిప్పి వదిలేస్తే గిర్రున తిరిగి విడిపోతాయి. మూడు పేటల తాడు మాత్రం అలా విడిపోదు. దాని పేటల్లో ఒక వైపు పురి ఉంటుంది, పేటలు ఒకదాన్నొకటి చుట్టుకున్నది ఇంకో వైపు. ప్రతి పేటా తన మెలిక విప్పుకోవాలని చూస్తుంది. అది విప్పుకోవడానికి తిరిగే వైపే తాడు బిగిసే వైపు. తాడు విప్పుకోవాలంటే పేటలు ఇంకా మెలితిరగాలి. రెండు ప్రయత్నాలూ ఒకదానికొకటి అడ్డుపడి, సరిసమానమైన చోట తాడు నిశ్చలంగా నిలుస్తుంది. జిగురు లేదు, ముడి లేదు. కోనసీమలో కొబ్బరి పీచు తాళ్లు పేనేవాళ్లు చేసేదీ, ఇంగ్లండులో చాథమ్ నౌకా కర్మాగారంలో చేసేదీ ఈ సమతూకమే.

ఇక యంత్రం. ఒక చివర నిలువు పలక, దానికి మూడు కొక్కేలు. మూడింటి వెనకా మూడు చిన్న పళ్ల చక్రాలు, వాటిని తిప్పే పెద్ద చక్రం నడుమ ఒకటి. పిడి తిప్పితే మూడు కొక్కేలూ ఒకే వేగంతో ఒకే వైపు తిరుగుతాయి. రెండో చివర పట్టాల మీద జరిగే చిన్న బండి, దాని మీద స్వేచ్ఛగా తిరిగే ఒకే ఒక కొక్కెం. మూడు పేటల చివరలూ ఆ ఒక్క కొక్కేనికే తగిలిస్తారు. పేటల మధ్య మూడు గాళ్లు చెక్కిన కొయ్య శంకువును దూరుస్తారు. ముందు బండివైపు కొక్కేన్ని తిరగనివ్వకుండా పట్టి ఉంచి పేటలకు పురి ఎక్కించాలి. తర్వాత ఆ కొక్కేన్ని వదిలితే అది తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. శంకువు వెనక తాడు అల్లుకుంటూ, శంకువును కొక్కేల వైపు నెట్టుకుంటూ వస్తుంది. తాడు చుట్టుకుంటున్న కొద్దీ పేటల్లో పురి తరిగిపోతుంది కాబట్టి ఈ దశలోనూ పిడి తిప్పుతూనే ఉండాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

ఎంత పురి ఎక్కించాలి? డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన యాకోబ్ బోర్, కాస్పర్ ఓల్సెన్ 2011లో ప్రచురించిన పరిశోధనలో దీనికి చక్కని సమాధానం ఉంది. పేటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ చుట్టుకునేటప్పుడు ఒక గరిష్ఠ హద్దు వస్తుంది, దాని తర్వాత ఇంకొక్క చుట్టుకు కూడా చోటుండదు. ఆ హద్దు రేఖాగణితం నిర్ణయించేది. నారా నూలా ఇనుప తీగా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఆ హద్దు దగ్గర ఉన్న తాడును లాగితే ఏ వైపూ తిరగదు. మూడు పేటల తాడు విషయంలో అక్కడికి చేరేసరికి పొడవు పేటల పొడవులో సుమారు 68 శాతానికి తగ్గుతుందని వాళ్ల లెక్క. తాడు పేనేటప్పుడు దాన్ని లాగి ఉంచాల్సిందేననీ, శంకువు పని అల్లిక ఆ హద్దును చేరేలా చూడటమనీ ఆ గణితమే చెబుతుంది. వేల ఏళ్ల కిందటి ఈజిప్టు సమాధుల గోడల మీద తాడు పేనేవాళ్లు వెనక్కి వాలి లాగుతూ కనిపించడానికి కారణం ఇదేనన్నమాట. నాకు ఈ మాట చాలా నచ్చుతుంది. రెండు అడుగుల చుట్టుకొలత ఉన్నా అర మిల్లీమీటరు మందమే ఉన్నా తాడు రూపం ఒక్కటే కావడానికి మూలం అందులో ఉంది.

రూపం ఒక్కటే అయినా బలాలు ఒకేలా తగ్గవు, చిన్న యంత్రానికి తిప్పలన్నీ అక్కడే. అదే పదార్థం, అదే వాలు అనుకుంటే మెలికలో దాగిన తిప్పుడు బలం మందం ఘనాన్ని బట్టి మారుతుంది. మందం సగమైతే బలం ఎనిమిదో వంతు. మందం 72వ వంతుకు దిగితే బలం దాదాపు 3,73,000వ వంతుకు పడిపోతుంది. చాథమ్‌లో బండివైపు కొక్కెం కాస్త బిగువుగా ఉన్నా మోకు దాన్ని లెక్కచేయదు. బల్ల మీది యంత్రంలో ఆ బిగువే తాడును మించిపోతుంది. కొక్కెం తిరగాల్సినంత తిరగదు, పేటల్లో మిగిలిన పురి ముడుతలు పడి పైకి లేస్తుంది. కాబట్టి మెరుగుదల మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. మేకులాంటి ఇరుసు తీసేసి బాల్ బేరింగు పెట్టాలి. లాగుడంతా ఇరుసు వెంబడే పడుతుంది గనుక అలాంటి బరువును మోసే థ్రస్ట్ బేరింగు ఇంకా మేలు. గేలాల సామగ్రి అమ్మేచోట దొరికే బేరింగు స్వివెల్ కూడా సన్న తాళ్లకు చక్కగా పనికొస్తుంది. అప్పటికీ చాలకపోతే ఆ కొక్కేనికి విడిగా చిన్న మోటారు పెట్టి తిప్పడమే దారి.

బండిని చేత్తో పట్టుకుని లాగకూడదు. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా లాగుడు మారుతూనే ఉంటుంది, అది తాడు మీద వదులు మెలిక, బిగువు మెలిక అన్నట్టు అచ్చుపడుతుంది. బండికి దారం కట్టి, కప్పీ మీదుగా ఒక బరువు వేలాడదీస్తే తాడు కురచవుతున్నకొద్దీ బండి ముందుకు జరుగుతుంది, లాగుడు మాత్రం మారదు. ప్లైవుడ్ చక్రాలైతే లేజరు కోతకు మాడిన అంచులను సన్న గరుకు కాగితంతో రుద్ది, పళ్లకు పెన్సిలు గ్రాఫైటు పట్టిస్తే చక్రం ఎక్కడా పట్టేయకుండా తిరుగుతుంది. తీగ కొక్కెం వంపు ఇరుసుకు సరిగ్గా నడిమధ్యలో ఉండాలి, లేకపోతే పేట కొరడాలా ఊగుతుంది. శంకువు గాళ్లు అద్దంలా నునుపుగా ఉండాలి. దారానికి తేనెమైనం పల్చగా పట్టిస్తే నూగు అణుగుతుంది.

ఒక్కో పేటకు ఎన్ని దారాలు తీసుకోవాలన్నది ఇంకో ప్రశ్న. దీన్ని పెద్ద ఓడల మీద ఎదుర్కొన్నవాడు జోసెఫ్ హడర్ట్. ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెను, బొంబాయి నుంచి గోదావరి ముఖద్వారం దాకా మన తీరాన్ని సర్వే చేసినవాడు కూడా. సముద్రం మీద లంగరు మోకు తెగడం చూసి కారణం వెతికాడు. సమాన పొడవున్న పోగులను కలిపి మెలితిప్పితే బయటి పోగులు ఎక్కువ దూరం చుట్టాలి, లోపలివి వదులుగా మిగులుతాయి. బరువంతా బయటివాటి మీదే పడి అవే ముందు తెగుతాయి. 1793లో ఆయన పేటెంటు పొందిన పద్ధతిలో పోగులు ఒకదానిలో ఒకటిగా వలయాల్లో తొలిచిన రంధ్రాల పలకలోంచి వస్తాయి. దేనికి ఎంత పొడవు కావాలో అంతే దాని కండె నుంచి ఊడివస్తుంది. నమూనా తాడు బరువు మొయ్యనక్కర్లేదు, కానీ ఏడు దారాలతో పేట చేస్తే నడిమి దారం వదులై ఉచ్చులా బయటికి పొడుచుకొస్తుంది. మూడు దారాల పేటలో నడిమి దారమే ఉండదు, ఆ బెడదా లేదు. నాలుగు పేటల తాడులో మాత్రం నడుమ బోలు మిగులుతుంది. పేట మందంలో 0.41 వంతు ఉండే దారాన్ని గుండెలా నడుమ పెట్టకపోతే ఒక పేట లోపలికి కూలిపోతుంది.

పురి దిక్కులోనూ జాగ్రత్త అవసరం. ఓడ తాళ్లలో ఎక్కువ భాగం కుడి పురివి. తాడును నిలువుగా పట్టుకుంటే పేటలు జెడ్ అక్షరం నడిమి గీతలా వాలుతాయి. మన కుట్టుదారాలు కూడా మామూలుగా జెడ్ పురివే. ఒక్కో కొక్కేనికి ఒక్కో దారం తగిలించి బిగిస్తే వచ్చేది ఎస్ వాలు తాడు, అంటే తిరగబడ్డది. కొక్కేనికి మూడేసి దారాలు తగిలించి పేటను ఎస్ వైపు తిప్పితే, తాడు కుడి పురితో వస్తుంది. లంగరు మోకు దీనికి ఇంకో అంతస్తు. మూడు కుడి పురి తాళ్లను మళ్లీ ఎడమ పురితో పేనితే తొమ్మిది పేటల మోకు. చుట్టుకొలత 24 అంగుళాల మోకు అనుకోండి, మందం 194 మిల్లీమీటర్లు. నమూనాలో 2.7. దానిలోని ఒక్కో తాడు 1.25, ఒక్కో పేట 0.58 మిల్లీమీటర్లు ఉండాలి.

ప్రతి అంతస్తులో నాలుగో వంతు పొడవు పోతుందనుకున్నా 75 సెంటీమీటర్ల మోకుకు మీటరు పొడవు తాళ్లు, వాటికి 1.33 మీటర్ల పేటలు కావాలి. చాథమ్‌లో 18వ శతాబ్దం చివర కట్టిన తాళ్ల శాల 346 మీటర్ల పొడవు ఉండటానికి కారణం ఇదే. బల్ల మీది పట్టాలను ముక్కలుగా అతుక్కునేలా చేసుకోవడం ఎందుకు అవసరమో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

పేనిన తాడును వెంటనే కొయ్యకూడదు. ఒక చివర మేకుకు కట్టి, రెండో చివర చిన్న బరువు వేలాడదీసి చూడాలి. బరువు తాడు విప్పుకునే వైపు తిరిగితే పేటలకు పురి చాల్లేదని అర్థం. ఇంకా బిగిసే వైపు తిరిగితే బండివైపు బేరింగు ఇంకా పట్టేస్తోందన్నమాట, నూనె చుక్కో కొత్త బేరింగో వెయ్యాలి. ఏ వైపూ తిరగకపోతే బరువుతోనే ఒక రాత్రి ఉంచి, పాలియెస్టరైతే దూరం నుంచి కాస్త వేడి గాలి తగలనిచ్చి, అప్పుడు కత్తెర పెట్టాలి. కోసిన చోట పేటలు విచ్చుకోకుండా మూడూ కలిసే నిలుస్తాయి.