కార్ఖానాకు నెట్‌వర్క్ కెమెరా: పెట్టుకునే విధానం, వాడుకునే విధానం



మా షోలాపూర్ తూర్పు భాగంలో, నేతగాళ్ళ పేటల్లో, ఇల్లు వేరు, కార్ఖానా వేరు అనే మాట చాలాచోట్ల చెల్లదు. ముందు షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఆడుతుంటాయి. వెనుక గదిలో వంట అవుతుంటుంది. మధ్య వాకిట్లో ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటారు. ఇటువంటి చోట కెమెరా పెట్టించడం బ్యాంకుకో బంగారం దుకాణానికో పెట్టించినంత సులువు కాదు. ఎందుకో చెబుతాను.

మా గల్లీలో ఒక పెద్దాయన ఉన్నారు. నేను ఆయనను కాకా అని పిలుస్తాను. నేను బడిలో చెబుతాను కనుక ఆయన నన్ను, పిల్లలు పిలిచినట్టే, బాయీ అంటారు. పోయిన దీపావళికి ముందు సరుకు లెక్క చూసుకుంటే ఆయన కార్ఖానాలో నూలు సంచులు తక్కువ వచ్చాయి. ఎవరినీ అనుమానించలేక, ఊరుకోలేక, నాలుగు కెమెరాలు పెట్టించారు. షెడ్డులో రెండు, గేటు దగ్గర ఒకటి, వాకిట్లో ఒకటి. వారం గడిచాక కోడలు ఒక ప్రశ్న వేసింది. "మామా, ఇది మీ ఫోనులో కనబడుతది, మంచిదే. ఇంకెవరి ఫోనులో కనబడుతది?"

కాకా దగ్గర జవాబు లేదు. మరునాడు కెమెరాతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "బాయీ, జర ఇది చదివి చెప్పుండ్రి" అన్నారు. రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. తెలియనివి తెలిసినవారిని అడిగాను. ఆ తెలుసుకున్నదే ఈవేళ మీతో చెబుతున్నాను.

మొదట ఈ నెట్‌వర్క్ కెమెరా అంటే ఏమిటో చూద్దాం. పాత రకం సిసిటివిలో కెమెరా ఒట్టి కన్ను మాత్రమే. దాని నుంచి లావుపాటి తీగ ఒకటి రికార్డరు దాకా వెళ్ళేది, బొమ్మంతా అక్కడే తయారయ్యేది. నెట్‌వర్క్ కెమెరా అలా కాదు. దాని లోపల ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. అదే బొమ్మను కుదించి, అంకెలుగా మార్చి, నెట్‌వర్క్ తీగ మీద పంపుతుంది. 1996లో స్వీడన్‌లోని ఆక్సిస్ అనే సంస్థ ఇటువంటి మొదటి కెమెరాను అమ్మకానికి తెచ్చింది. అప్పుడది సెకనుకు ఒక బొమ్మ పంపడమే గొప్ప. ఇప్పటివి సెకనుకు 25 బొమ్మలు పంపుతాయి. లోపల కంప్యూటరు ఉన్నదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. కంప్యూటరుకు ఉండే సుఖాలూ, రోగాలూ దీనికీ ఉంటాయి.

కెమెరాను గోడకు ఎక్కించే ముందు బల్ల మీద పెట్టి సిద్ధం చేసుకోవాలి. మా కాకా ఇంట్లో దీనికి వ్యతిరేకంగా జరిగింది. ముందు గోడకు బిగించారు, తర్వాత నిచ్చెన మీద నిలబడి, "ఏదో ఒక పాస్‌వర్డు పెట్టు, పని కానీ" అన్నారు. బల్ల మీద చేసేటప్పుడు తొందర ఉండదు.

బల్ల మీద చేసే మొదటి పని పాస్‌వర్డు మార్చడం. పెట్టెలోంచి వచ్చినప్పుడు చాలా కెమెరాలకు కంపెనీ పెట్టిన పాస్‌వర్డే ఉంటుంది, అది లోకానికంతా తెలుసు. 2016లో మిరాయ్ అనే పాడు ప్రోగ్రాము ఒకటి ఇంటర్నెట్‌లో బయలుదేరింది. అది చేసిన పని ఏమంటే, సుమారు 60 కంపెనీ పాస్‌వర్డుల పట్టీ పట్టుకుని, కనిపించిన ప్రతి కెమెరా, ప్రతి రికార్డరు తలుపూ తట్టి చూడడం. లక్షల కొద్దీ తెరుచుకున్నాయి. వాటన్నిటినీ ఒక్కసారిగా ఉసిగొల్పితే ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాల యజమానులకు తమ కెమెరా ఏం చేస్తున్నదో కూడా తెలియదు.

అది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల్లోని దృశ్యాలు బయటికి వచ్చాయి. పరీక్షకు వచ్చిన ఆడవాళ్ళ దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. పోలీసులు అరెస్టులు చేశారు. కానీ చూసినవాళ్ళు చూడనే చూశారు. ఈ వార్త చదివిన తర్వాతే మా కాకా కోడలి ప్రశ్న ఎంత పెద్దదో నాకు అర్థమయింది.

పాస్‌వర్డు ఎలా ఉండాలి? మా పేటల్లో సగం పాస్‌వర్డులు మార్కండేయుడి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. ఇది నేను నవ్వులాటకు అనడం లేదు, బడిలో పిల్లలను అడిగి చూశాను. దేవుడి పేరు, బిడ్డ పేరు, ఫోను నంబరు వద్దు. ఒకదానితో ఒకటి పొత్తు లేని మూడు నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్య ఒక అంకె వేయండి. ఇంట్లోవాళ్ళకు గుర్తుంటుంది, బయటివాళ్ళకు అందదు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నా తప్పులేదు. రికార్డరు పెట్టె మీద అంటించడం మాత్రం తప్పు.

తర్వాత చిరునామా. గల్లీలో ఇంటి నంబరు ఉన్నట్టు, మీ ఇంటి నెట్‌వర్క్‌లో ప్రతి కెమెరాకు ఒక నంబరు ఉంటుంది. దానిని ఐపి అడ్రసు అంటారు. రౌటరుకు 192.168.1.1 అని ఉంటే, కెమెరాలకు 192.168.1.64, 65, 66 అని వరుసగా ఇచ్చుకోవచ్చు. రెండింటికి ఒకే నంబరు ఇవ్వకూడదు. రౌటరే రోజుకొక నంబరు మార్చి ఇస్తుంటే రికార్డరు కెమెరాను వెతుక్కోలేదు, కనుక నంబరును స్థిరపరచండి. అదే సమయంలో కంపెనీ ఇచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు ఉంటే ఎక్కించండి, గడియారం సరిచేయండి. భారత కాలం 5 గంటల 30 నిమిషాలు ముందని ఎంచుకోవాలి. చాలా కెమెరాలు వేరే దేశపు గడియారంతో వస్తాయి. దొంగ రాత్రి రెండింటికి వస్తే కెమెరా నాలుగున్నర అని చూపిస్తే, ఆ సాక్ష్యం మీద నలుగురు నవ్వుతారు.

ఇప్పుడు తీగ సంగతి. షెడ్డులో వైఫై మీద ఆధారపడవద్దని నా సలహా. ఇనుప మగ్గాలు, మోటార్లు, రేకుల కప్పు వీటి మధ్య వైఫై నిలవదు. నెట్‌వర్క్ తీగ వేయించండి. అదే తీగ మీద కరెంటు కూడా పంపే స్విచ్చులు దొరుకుతాయి, వాటిని పిఓఇ స్విచ్చులంటారు. అందులో వచ్చేది 48 ఓల్టులకు అటూ ఇటూ ఉండే కరెంటు. కాబట్టి ప్రతి కెమెరా దగ్గరా వేరే ప్లగ్గు అక్కరలేదు. ఒక్కో తీగ 100 మీటర్లు మించకూడదు. మోటారు తీగలను ఆనుకుని వేయకూడదు, అడుగు దూరం ఉంచండి. పాత బోర్డులోంచి, అతుకుల తీగలోంచి కరెంటు లాగకండి. 2025 మే నెలలో అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడిసిలో టవల్ కార్ఖానా తెల్లవారుజామున అంటుకుని ఎనిమిది మంది పోయిన సంగతి మనమెవరమూ మరచిపోలేదు. కెమెరా ఉన్నది కదా అని లోపల మనుషులు పడుకున్న షెడ్డుకు బయట తాళం వేయడం కూడా మానాలి. కెమెరా తాళం తీయలేదు.

నేతగాళ్ళ షెడ్డుకు ప్రత్యేకమైన కష్టాలు మూడున్నాయి, ఇవి ఆ పుస్తకంలో లేవు. ఒకటి, అదురు. మగ్గాలు ఆడుతున్నప్పుడు రేకుల కప్పు వణుకుతుంది, దానికి బిగించిన కెమెరా కూడా వణికి బొమ్మ చెదిరిపోతుంది. గోడకో, మగ్గానికి దూరంగా ఉన్న స్తంభానికో బిగించండి. రెండు, దూది నలుసు. రాత్రి చీకట్లో కెమెరా తన కంటికి తానే ఒక కనబడని వెలుగు వేసుకుంటుంది. గాలిలో తేలే నలుసు ఆ వెలుగుకు తెల్లగా మెరిసి, మంచు కురిసినట్టు కనిపిస్తుంది. "కదలిక కనబడితేనే రికార్డు చెయ్యి" అని పెట్టుకున్నారా, నలుసు కదలికకే రాత్రంతా ఫోను మోగుతుంది. కాకా మూడు రాత్రులు నిద్రపోలేదు. షెడ్డులో ఒక చిన్న దీపం వెలిగించి ఉంచి, కెమెరా వెలుగు ఆపేస్తే నయం. వారానికొకసారి మెత్తటి బట్టతో అద్దం తుడవాలి. మూడు, ట్యూబులైట్ల మినుకు. బొమ్మ మీద అడ్డచారలు పాకుతుంటే కెమెరా 60 హెర్ట్జ్‌కు పెట్టి ఉందని అర్థం. మన కరెంటు 50, దానిని 50కి మార్చండి.

రికార్డు ఎన్నాళ్ళు నిలుస్తుంది అని చాలామంది అడగరు. చిన్న లెక్క చేద్దాం. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపితే, రోజుకు సుమారు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు రోజుకు 86 జీబీ పైన. ఒక టెరాబైటు డిస్కు 11 రోజుల్లో నిండిపోయి, పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకుంటుంది. కాకా సరుకు లెక్క చూసేది నెలకొకసారి. నెలాఖరుకు సంచులు తక్కువని తేలేసరికి, పోయిన రోజు రికార్డు చెరిగిపోయి ఉంటుంది! నెల రోజులు కావాలంటే 2,600 జీబీ కావాలి, అంటే 4 టెరాబైట్ల డిస్కు. లేదా లెక్క వారానికొకసారి చూసుకోవాలి. డిస్కు కొనడం కన్నా ఇదే చౌక అని నేనన్నాను. కాకాకు ఈ మాట నచ్చలేదు. రౌటరుకు, స్విచ్చుకు, రికార్డరుకు కలిపి ఒక యుపిఎస్ కూడా ఉండాలి. కరెంటు పోయిన రాత్రే కెమెరా అవసరం.

ఇక ఫోనులో చూడడం. ఇక్కడే కోడలి ప్రశ్నకు జవాబుంది. కెమెరాను ఫోను యాప్‌లో మొదట ఎవరు చేర్చుకుంటారో, ఆ కెమెరాకు వారే యజమాని. మిగిలినవారికి చూపించేది వారే. కాకా ఇంట్లో పని తొందరగా కావాలని, కెమెరాలు బిగించిన కుర్రవాడు తన ఫోనులోనే మొదట చేర్చుకున్నాడు. కాకా ఫోనుకు ఒక వాటా ఇచ్చి వెళ్ళాడు. అతను చెడ్డవాడని నేననను. ఎన్నో ఇళ్ళకు ఇలాగే చేస్తాడట. కానీ నెల రోజుల పాటు మా గల్లీ వాకిలి ఒకటి అతని జేబులో ఉన్నది. కాకా పిలిపించి, అతని చేతనే తీసివేయించారు. తర్వాత తన పేరు మీద చేర్చుకుని, పాస్‌వర్డులన్నీ మార్చారు. మీ ఇంట్లో కెమెరా ఉంటే, యాప్ తెరిచి, ఎవరెవరికి వాటా ఉన్నదో చూపే పట్టీ చూడండి. తెలియని పేరుంటే తీసివేయండి. రౌటరులో బయటివారికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యుపిఎన్‌పి అనేవి ఉంటాయి. అవసరం లేకపోతే మూసివేయండి. కొనేటప్పుడు కూడా ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చి, ఏడాది గడువు తర్వాత సిసిటివి కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేసింది. ఆ ధ్రువపత్రం ఉన్నదా అని దుకాణంలో అడగండి.

కెమెరా ఏ వైపు చూడాలన్నది యంత్రం సంగతి కాదు, మనుషుల సంగతి. కలకత్తాలో ఒకే ఇంట్లో ఉండే అన్నదమ్ముల మధ్య ఇదే తగాదా వచ్చింది. కలిసి ఉండేవారి సమ్మతి లేకుండా ఇంటి లోపల కెమెరాలు పనిచేయించరాదని అక్కడి హైకోర్టు 2025లో తీర్పు చెప్పింది. దానిమీద వేసిన అప్పీలును సుప్రీంకోర్టు ఆ మే నెలలోనే కొట్టివేసింది. ఉమ్మడి వాకిలి ఉన్న మన ఇళ్ళకు ఇది నేరుగా తగులుతుంది. ఇక ఆడవాళ్ళ ఏకాంతాన్ని చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గని శిక్ష, మూడేళ్ళ దాకా పడవచ్చు. పనివాళ్ళకు కూడా, ఇక్కడ కెమెరా ఉన్నదని తెలుగులో, మరాఠీలో రాసి పెట్టండి. బట్టలు మార్చుకునే చోటు, మొరీ కనబడకూడదు.

నిజంగా దొంగతనం జరిగితే ఫోనులో చూపిస్తే చాలదు. ఆ భాగాన్ని వెంటనే వేరే పెన్‌డ్రైవులోకి తీయండి. రికార్డరును కదపకండి. కోర్టులో అది నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, పోలీసులను అడిగి రాయించుకోండి.

మా కాకా వాకిట్లో కెమెరాను తీసివేసి, నూలు గది తలుపు లోపలి వైపు పెట్టించారు. అప్పుడు తక్కువ వచ్చిన సంచుల సంగతి ఇప్పటికీ తేలలేదు. మళ్ళీ మాత్రం తక్కువ రాలేదు. కొత్త పాస్‌వర్డు కోడలు పెట్టింది. కాకా మరచిపోయినప్పుడల్లా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఆమెనే అడుగుతారు.