గ్రామఫోను ముల్లు మొన

లాంగ్‌ప్లే రికార్డు మొదటి పాటను ఇంపుగా వినిపించి, లోపలి చుట్లకు చేరునప్పటికి సకారములను గీరుమనిపించుట శ్రోతలు గమనించియే యుందురు. తప్పు గాయకునిది కాదు. చాలవరకు ముల్లు మొనది. 12 అంగుళముల రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగునపుడు, వెలుపలి అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగును. లోపలి కొసను సుమారు 21 మాత్రమే. అంతే ధ్వని ఆ కొద్ది నిడివిలో ఇమిడి, వంపులు ఇరుకగును.

గాడిని చెక్కినది ఉలివంటి పదునైన పనిముట్టు. గోళీవలె గుండ్రనైన మొన ఆ ఇరుకులో దూరజాలదు. కనుకనే ప్రక్కలు సన్నగా తీర్చిన అండాకారపు మొన వచ్చినది. అమెరికాలో ష్యూర్ సంస్థ 1964లో వెలువరించిన వి-15 అట్టిది. తరువాత జపానులో, నాలుగు స్పీకర్లకు వేర్వేరు ధ్వనులనిచ్చు సి.డి.-4 రికార్డులలో సెకనుకు 30,000 కంపనములుగల వాహకతరంగమును పట్టుటకై, నోరియో షిబాటా వేరొక మొనను రూపొందించెను. అది గాడిగోడలను నిలువున పొడవుగా తాకును. బరువు ఎక్కువమేర పరచుకొనుటచే అరుగుదలయు తగ్గును.

అట్లని ఖరీదైనదే మేలనరాదు. షిబాటా మొనను కొంచెము వాల్చి బిగించినను గుణము చెడును. గుండ్రని మొనకు అంత పట్టింపు లేదు. ఆడియో-టెక్నికా వారి వి.యం.95 వరుసలో ఒకే కార్ట్రిడ్జికి ఈ మూడు విధముల ముళ్లను మార్చుకొనవచ్చును.

పాత 78 రికార్డుల సంగతి వేరు. వాటి ముల్లు మొన వ్యాసార్ధము అంగుళములో వెయ్యింట సుమారు మూడు వంతులు. లాంగ్‌ప్లే గుండ్రని మొనకు ఒక వంతైనను ఉండదు. చిన్న ముల్లును 78పై నుంచినచో గాడి అడుగునగల దుమ్ములో దొరలును.

వజ్రమును అరుగును. అరిగి ప్రక్కలు చదునైన మొన తానే ఉలియై గాడిగోడలను చెక్కును. మునుపు బాగుగా పలికిన రికార్డు గీరుకొన్ననాడే ముల్లును భూతద్దముక్రింద చూపించవలెను.