సవరించిన సహజ పాలిమర్ పొరలు: కర్బన ద్రావణుల నుండి నీటి వేర్పాటు

వ్యాససంగ్రహం:
ఇథనాల్, ఐసోప్రొపనాల్ వంటి ఆల్కహాల్ ద్రావణుల నుండి నీటిని పూర్తిగా తొలగించడం సాధారణ స్వేదనంతో సాధ్యం కాదు. చిటోసాన్, ఆల్జినేట్ వంటి సహజ పాలిమర్ల పొరలు ఈ పరిమితిని ఎలా అధిగమిస్తాయో, వాటికి రసాయనిక సవరణ ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: చిటోసాన్, ఆల్జినేట్, అజియోట్రోప్, పెర్‌వేపరేషన్, అడ్డుబంధాలు.

1. ఉపోద్ఘాతం
హైదరాబాదులోని బేగం బజార్ చేపల మార్కెట్‌లో రొయ్యలు కొనేవారికి వాటి పెంకు పారవేయవలసిన వ్యర్థం. రసాయనశాస్త్రానికి అది కైటిన్ అనే సహజ పాలిమర్‌కు మూలం. ఇదే నగర పరిసరాలలోని ఔషధ పరిశ్రమలలో మరొక వ్యర్థం ఏర్పడుతుంది. ఐసోప్రొపనాల్ వంటి ద్రావణులు వాడకం తరువాత నీటితో కలిసి మిగులుతాయి. శుద్ధిచేసి తిరిగి వాడకపోతే అవి కాలుష్యానికి కారణమవుతాయి. పటాన్‌చెరు ప్రాంత పారిశ్రామిక కాలుష్యం 1990లోనే సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. మొదటి వ్యర్థం నుండి తీసిన పదార్థం రెండవ వ్యర్థాన్ని తగ్గించడానికి తోడ్పడగలదు.

2. స్వేదనం - పరిమితి
ఇథనాల్, నీరు కలిసిన మిశ్రమాన్ని వాతావరణ పీడనం వద్ద స్వేదనం చేస్తే, ఇథనాల్ బరువులో దాదాపు 95.6 శాతానికి చేరేసరికి ద్రవంలోనూ ఆవిరిలోనూ పాళ్లు సమానమవుతాయి. ఈ స్థితినే అజియోట్రోప్ అంటారు. ఆపైన ఎంత మరిగించినా వేర్పాటు జరగదు. ఐసోప్రొపనాల్‌కు ఈ స్థితి దాదాపు 88 శాతం వద్దనే ఎదురవుతుంది. దీనిని ఛేదించడానికి బెంజీన్ కలిపే పద్ధతి ఉండేది. అయితే బెంజీన్ క్యాన్సర్ కారకం.

3. పొర పనిచేసే తీరు
పెర్‌వేపరేషన్‌లో మిశ్రమం పొరకు ఒకవైపు ఉంటుంది, రెండవవైపు శూన్యపీడనం కల్పిస్తారు. నీటి అణువులు పొరలో కరిగి, దాని గుండా వ్యాపించి, అవతల ఆవిరిగా వెలువడతాయి. ఇక్కడ వేర్పాటును ప్రధానంగా నిర్ణయించేది మరుగుస్థానం కాదు, పొరకు నీటితో గల అనుబంధం. అందువల్ల అజియోట్రోప్ అడ్డంకి కాదు. ఆవిరి కావలసింది కూడా ఆ కొద్దిపాటి నీరే కనుక శక్తి ఆదా అవుతుంది.

4. సవరణ ఆవశ్యకత
పెంకులోని కాల్షియం కార్బొనేట్‌ను ఆమ్లంతోను, ప్రోటీన్‌ను క్షారంతోను తొలగిస్తే కైటిన్ మిగులుతుంది. దానిని గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేస్తే చిటోసాన్ వస్తుంది. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుండి లభిస్తుంది. ఈ రెండూ నీటిని బలంగా ఆకర్షిస్తాయి. ఆ గుణమే వాటి బలం, బలహీనత కూడా. నీటిని పీల్చుకొని ఉబ్బిన పొరలో గొలుసుల మధ్య ఖాళీలు పెరిగి, నీటితోపాటు ద్రావణి కూడా దాటిపోతుంది. గ్లూటరాల్డిహైడ్ వంటి పదార్థాలతో గొలుసుల మధ్య అడ్డుబంధాలు కల్పిస్తే ఉబ్బు తగ్గి ఎంపికశక్తి పెరుగుతుంది. బంధాలు మరీ ఎక్కువైతే నీటి ప్రవాహమే మందగిస్తుంది.

హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు చిటోసాన్, సోడియం ఆల్జినేట్ మిశ్రమపొరలతో ఇథనాల్ నుండి నీటిని వేరుచేసే అధ్యయనాన్ని 2004లో ప్రచురించారు. చిటోసాన్‌లోని అమైన్ సమూహాలు, ఆల్జినేట్‌లోని కార్బాక్సిల్ సమూహాలు విరుద్ధ ఆవేశాల వల్ల పరస్పరం బంధించుకోవడం ఇటువంటి మిశ్రమపొరకు దృఢత్వాన్నిస్తుంది.

5. ముగింపు
సహజ పాలిమర్‌కు నీటిపై గల మక్కువను పోగొట్టడం సవరణ లక్ష్యం కాదు, దానిని హద్దులో ఉంచడమే లక్ష్యం. ఎంపికశక్తికి, ప్రవాహానికి మధ్య సమతూకం కుదరడం, ఆ పొర దీర్ఘకాలం మన్నడం - ఈ రెండింటిపైనే ప్రయోగశాల ఫలితం పరిశ్రమకు చేరడం ఆధారపడి ఉంటుంది.