సిగ్గున దాగిన ప్రసవగాయము

తోటపల్లి గూడూరు మండలమున కోడూరు మొదలగు సముద్రతీర గ్రామములయందు కాన్పు కష్టమైనచో నెల్లూరు పెద్దాసుపత్రియే దిక్కు. నేడు 108 వాహనము పిలిచిన వచ్చును. ఆ వాహనములు ఆంధ్రదేశమున తిరుగ నారంభించినది 2005 ఆగస్టు 15వ తేదీననే. అంతకుముందు కష్టప్రసవమైన తల్లులలో బ్రతికి బయటపడియు జన్మమంతయు తడిబట్టలతో గడపుచున్నవారిని గూర్చియే మా మనవి.

శిశువు శిరస్సు దిగిరాక దినములతరబడి అడ్డుపడినచో, తల్లి మూత్రాశయము ఆ శిరస్సునకును కటియెముకకును నడుమ నలుగును. రక్తప్రసార మాగి అచ్చటి కండ చచ్చి, కొన్నిదినములకు ఊడి రంధ్రమగును. శిశువు తరచుగా మృతియై పుట్టును. ఆపై మూత్రము రేయింబవళ్లు కారుచునేయుండును. వైద్యులు దీనిని ఫిస్టులా యందురు. ఇరుగుపొరుగువారు పాపఫల మందురు. ఇది పాపఫలము కాదు, ఆలస్యఫలము.

దీనికి చికిత్స గలదు. కాన్పైన కొలదివారములలోనే కనుగొని, మూత్రనాళమున గొట్టము అమర్చి, మూత్రాశయమును ఖాళీగా ఉంచినచో చిన్నరంధ్రములు కొన్ని వానంతట నవియే పూడును. పూడనివానిని కోసి కుట్టవలయును. సుళువైన గాయమునకు శస్త్రచికిత్స పిమ్మట గొట్టము 7 మొదలు 10 దినము లుంచిన చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో తెలిపినది. మొదటి శస్త్రచికిత్సయే ఎక్కువగా ఫలించును గావున, చేయి తిరిగిన వైద్యునియొద్దకే పోవలయును.

ఈ విద్య ఎట్లు వచ్చినదో చెప్పుటకు మనసు రాదు. 1845 మొదలు 1849 వరకు అమెరికాలోని అలబామాలో మారియన్ సిమ్స్ అను వైద్యుడు అనార్కా, బెట్సీ, లూసీ మొదలగు నీగ్రో బానిస స్త్రీలపై, మత్తుమందు లేకుండ, మరల మరల కోసి నేర్చెను. ఒక్క అనార్కాకే సుమారు 30 పర్యాయములు! 1974లో హామ్లిన్ దంపతులు అడిస్ అబాబాలో స్థాపించిన ఆసుపత్రి పేద స్త్రీల కిదే చికిత్సను ఉచితముగా చేసినది.

మన రాష్ట్రమున 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి నూటికి 96 కాన్పులు ఆసుపత్రులయందే జరుగుచున్నవి. సంతోషమే. కాని గర్భసంచి తీసివేయు శస్త్రచికిత్సలోను, సిజేరియనులోను కత్తి తగిలియు ఇదే గాయము కలుగును. 2015–16 సర్వేలో 15–49 ఏండ్ల ఆంధ్రస్త్రీలలో నూటికి సుమారు 9 మంది గర్భసంచి తీయించుకొన్నవారే. అవసర మెందరికో, తొందర యెందరికో!

మంత్రసాని కాలపు ముదుసలి, నిన్న ఆసుపత్రినుండి వచ్చిన యువతి — ఇరువురును తమంతట చెప్పరు. అడుగవలసినది ఇల్లిల్లు తిరుగు ఆశా కార్యకర్తయే. మగవారు లేనివేళ, మెల్లగా, వారి మాటలోనే: “ఏమమ్మా, తెలీకుండా బట్టలు తడుస్తా ఉండాయా?” ఔనన్నచో ఆ వారమే నెల్లూరునకు తోడుపోవలయును. గాయము మానిన స్త్రీ మరల గర్భవతియైనచో కాన్పు సిజేరియనుగా ఆసుపత్రిలోనే జరుగవలెనని ఇంటివారికి ముందే చెప్పియుంచవలయును.